నష్టం ఎవరి పద్దులో?

రిజర్వు బ్యాంకు 2023 ఏప్రిల్‌లో హరిత డిపాజిట్లకు నిబంధనలు రాసి, జూన్ 1 నుంచి అమల్లో పెట్టింది. జనం దాచుకున్న డబ్బును బ్యాంకు ఏ పనులకు అప్పిస్తే అది పచ్చ డిపాజిట్ అనిపించుకుంటుందో, ఏ పనులకు ఇస్తే కాదో అందులో వరసగా ఉంది. కూడనివాటిలో బొగ్గు, చమురు, మద్యం, ఆయుధాలు, జూదం ఉన్నాయి. వాటి సరసనే పొగాకు, పామాయిల్ ఉన్నాయి. 25 మెగావాట్లు మించిన జలవిద్యుత్ కేంద్రం కూడా కూడదు. ఏలూరు జిల్లా జంగారెడ్డిగూడెంలో కూర్చుని ఈ జాబితా చదివేవాళ్లకు నవ్వు రాక మానదు. ఊళ్లో పొగాకు బోర్డు వేలం కేంద్రాలు రెండున్నాయి. ఊరు దాటి ఏ దారి పట్టినా పామాయిల్ తోటలే. అటు గోదావరి వైపు పోతే పోలవరం దగ్గర 960 మెగావాట్ల కేంద్రం కడుతున్నారు. ఈ చుట్టుపక్కల డబ్బు తిరిగే పెద్ద పనులు మూడూ నిషిద్ధాలే. పోనీ కూడినవాటిలో ఏముందా అని చూస్తే, పర్యావరణానికి చేటు లేకుండా చేసే చేపల పెంపకం ఉంది. ఏలూరు నుంచి కైకలూరు రోడ్డెక్కితే రెండు వైపులా కనిపించే చెరువుల చరిత్ర తెలిసినవాళ్లకు ఇది రెండో నవ్వు. ఈ జిల్లా ప్రకృతికి పామాయిల్ చెట్టు వల్ల జరిగిన చేటు కన్నా కొల్లేరు సరస్సులో చేపల చెరువు గట్టు వల్ల జరిగిందే ఎక్కువ.

జాబితా రాసినవాళ్లను తప్పుపట్టలేం. వాళ్ల కళ్ల ముందున్నవి బోర్నియో, సుమత్రా. అక్కడ వాన అడవులు నరికి, పీట్ నేలలు తగలబెట్టి పామాయిల్ వేశారు. ఇక్కడ చాలావరకు చెరకు, కొబ్బరి, వరి, పొగాకు పండిన చేలల్లోనే మొక్క నాటారు. దేశంలో తయారయ్యే పామాయిల్‌లో చాలా పెద్ద భాగం రెండు తెలుగు రాష్ట్రాలదే. పెదవేగిలో 1995 నుంచి దీనికోసమే జాతీయ స్థాయి పరిశోధన కేంద్రం నడుస్తోంది. రిజర్వు బ్యాంకు కూడదన్న ఈ పంటకే కేంద్ర ప్రభుత్వం 2021 ఆగస్టులో 11,040 కోట్ల రూపాయలతో ఒక మిషన్ పెట్టింది. వంటనూనెలో సగానికి పైగా బయటినుంచి కొనుక్కునే దేశం అలా చేయడంలో న్యాయం లేకపోలేదు. మరి ఈ తోటలో పెట్టిన డబ్బు మంచిదనాలా, చెడ్డదనాలా? ఎకరాకు 57 మొక్కలు పడతాయి. ఎదిగిన చెట్టుకు వేసవిలో రోజుకు 200 లీటర్ల దాకా నీళ్లు కావాలి. అంటే ఎకరాకు రోజుకు 11 వేల లీటర్ల పైచిలుకు. కాలువ కిందైతే సరే, మెట్టలో ఆ నీళ్లు బోరులోంచే రావాలి. తన బోరు ఎండిపోతే ఆ నష్టం తోట యజమానిదే. తాను ఇంకా లోతుకు దింపడం వల్ల పక్క చిన్నరైతు బోరు ఎండితే, ఆ నష్టం గెలల లెక్కలో ఎక్కడా పడదు. అందుకే పంట పేరు చూసి పెట్టుబడి మంచిచెడ్డలు తేల్చలేమంటాను. ఈ పని వల్ల వచ్చే నష్టం ఎవరి పద్దులో పడుతుందో ముందు చూడాలి. లాభం తీసుకునేవాడే దాన్ని కూడా మోస్తుంటే ఆ పెట్టుబడితో పేచీ లేదు. లాభం ఒకరికి దక్కి, ఆ బేరంలో పిలుపే లేని వాళ్ల నెత్తిన నష్టం పడుతుంటే, దాని పేరులో ఎంత పచ్చదనం ఉన్నా నా దృష్టిలో అది మంచి పెట్టుబడి కాదు.

కొల్లేట్లో ఈ లెక్క దాచినా దాగదు. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న పల్లం అది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు మోసుకొచ్చిన వరదను కొన్నాళ్లు తనలో ఉంచుకుని, ఉప్పుటేరు గుండా నెమ్మదిగా సముద్రానికి పంపుతుంది. చెరువులు తవ్వడం మొదట దొంగచాటు వ్యవహారమేమీ కాదు. లంక గ్రామాల్లో చేపలు పట్టే వడ్డి కులస్థులకు, దళితులకు ఒక ఆధారం చూపించాలని 1976-77 ప్రాంతంలో ప్రభుత్వమే సహకార సంఘాలు పెట్టించి తవ్వించింది. మంచి ఉద్దేశమే, ఈనాటి భాషలో చెప్పాలంటే సామాజిక ప్రయోజనమున్న పెట్టుబడి. ఆ తర్వాత రొక్కమున్నవాళ్లు వచ్చారు. సంఘం కాగితాల మీద ఊరివాళ్ల పేర్లుంటాయి, చెరువు లీజుదారుడి చేతిలో ఉంటుంది, లీజుదారుడి వెనక వాటాదారులుంటారు. ఎకరాకు ఇంతని లీజు కట్టి, మేత, పిల్ల ఖర్చులు పంచుకుని, పట్టుబడి అయ్యాక వాటా తీసుకునే పట్నంవాసికి గట్టు ఏ కాంటూరులో, అంటే సరస్సు ఏ ఎత్తు గీత లోపల ఉందో తెలియదు, తెలుసుకోవలసిన అవసరం కూడా పడలేదు. ఐదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల్లో చేర్చారు. చెరువులు మాత్రం సాగుతూనే ఉన్నాయి. చివరికి 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో యంత్రాలు దిగి గట్లు తెంచాయి.

ఆ రోజు ఎవరేం పోగొట్టుకున్నారో చూడండి. వాటాదారుకు పోయింది ఆ ఏటి పంట, మహా అయితే లీజు బయానా. అంతకుముందు ఏళ్ల లాభం అప్పటికే ఇంకో చోట స్థలంగానో బంగారంగానో మారి ఉంటుంది. లంకల్లోని వాళ్లకు లీజు డబ్బు ఆగింది, చెరువు మీద కూలి ఆగింది. వలేసుకుని బతుకుదామంటే, వెనకటి చేపా లేదు, వెనకటి నీళ్లూ లేవు. తర్వాత చాలాచోట్ల గట్లు మళ్లీ లేచాయి. ఐదో కాంటూరును మూడుకు తగ్గించమన్న డిమాండు ప్రతి ఎన్నికల్లోనూ వినిపిస్తుంది. తగ్గించవద్దని, దాన్ని పరిశీలించిన అజీజ్ కమిటీ చెప్పినా ఆ మాట సద్దుమణగలేదు. అందులో జిరాయితీ పట్టాలున్న రైతుల గోడు నిజమైనదే, వాళ్లకు పరిహారం ఇవ్వకుండా సరస్సును కాపాడాలనడం మళ్లీ ఇంకొకరి పద్దులో నష్టం రాయడమే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు, ఆ నీళ్లు దిగివచ్చింది కొల్లేటికే. పెదఎడ్లగాడి వంతెన దగ్గర నీటిమట్టం పెరుగుతుంటే లంక గ్రామాల దారులు మునిగాయి. గట్ల మధ్య ఇరుక్కున్న నీటికి పోయే తోవ లేకపోతే అది ఎవరో ఒకరి ఇంట్లోకి పోతుంది. ఆ ఇల్లు వాటాదారుది కాదు.

ఆక్వా వల్లే గదా ఈ జిల్లాల్లో పిల్లలు ఇంజనీరింగ్ చదివారు, మేడలు లేచాయి అనేవాళ్లున్నారు. కాదనను. కాంటూరుకు అవతల, సొంత పట్టా భూమిలో, మురుగును పక్క వరిచేలోకి వదలకుండా చేపలు పెంచేవాడి లాభం చూసి ఎవరికీ కన్ను కుట్టనక్కర్లేదు. చేప అదే, మేత అదే. ఒకచోట నష్టం పెంచేవాడిది, ఇంకోచోట ఊరిది. భూమి సంగతి కూడా ఇంతే. భూమిని మించిన నికరమైన పెట్టుబడి లేదని మన దగ్గర గట్టి నమ్మకం. బుట్టాయగూడెం, జీలుగుమిల్లి వైపు ఏజెన్సీలో 1/70 చట్టం గిరిజనేతరులకు భూమి బదిలీ కాకూడదంటున్నా, బినామీ పేర్ల మీద చేతులు మారిన ఎకరాల కోసం ఎన్ని గొడవలు నడిచాయో ఈ ప్రాంతంవాళ్లకు తెలుసు. అక్కడ ధర పెరిగిన ప్రతి ఎకరా వెనక దాన్ని తిరిగి కొనుక్కోలేని కోయ కుటుంబం ఉంటుంది.

ఇక పొగాకు. ఇక్కడ పండే ఉత్తర తేలిక నేలల పొగాకుకు దేశంలోనే మంచి పేరుంది. 2024 సీజన్లో వేలంలో కిలో 400 రూపాయలు దాటింది. ఆ రంగు, ఆ వాసన పొలంలో రావు, బ్యారన్లో వస్తాయి. కోసిన పచ్చాకును కర్రలకు కట్టి, బ్యారన్ లోపల అంతస్తులుగా వేలాడదీస్తారు. కింద రేకు గొట్టాల్లో వేడి పారుతుంటుంది. ఐదారు రోజులపాటు రాత్రింబగళ్లు పొయ్యి ఆరకూడదు. మొదట ఆకు పసుపు తిరిగేదాకా సన్నని వేడి, తర్వాత ఈనె ఎండేదాకా గట్టి వేడి. పొయ్యి దగ్గర మనిషి ఓ రాత్రి కునుకు తీస్తే బ్యారన్ బ్యారనంతా లో గ్రేడు అయిపోవచ్చు. కిలో ఆకు ఆరడానికి మూడు నాలుగు కిలోల కర్ర ఎక్కడికీ పోదు. సర్వి, జామాయిల్, జీడిమామిడి, ఏది దొరికితే అది. పచ్చాకు తడిగా ఉన్నప్పుడు తెంపే కూలీల చర్మంలోంచి నికోటిన్ ఎక్కి తల తిరగడం, వాంతులు కావడం వైద్యులు రాసిపెట్టిన జబ్బే. రైతు నష్టం రైతుదే, ధర పడిపోయిన ఏడు బోర్డు కేంద్రాల ముందు ధర్నాలు అందుకే. కాని కర్ర నష్టం కొండది, వాంతి కూలీది, చివరికి ఊపిరితిత్తుల నష్టం కొనుక్కుని కాల్చేవాడిది, వాడింటివాళ్లది.

ఈ ఆకు కొనే పెద్ద కంపెనీల్లో ఐటీసీ ఒకటి. పర్యావరణం, సమాజం, పాలన చూసి మార్కులు వేసే ఎంఎస్‌సీఐ అనే అంతర్జాతీయ సంస్థ ఐటీసీకి డబుల్ ఎ ఇచ్చింది. ఇందులో మోసమేమీ లేదు. తాము వాడిన నీటి కన్నా ఎక్కువ నిలవ చేస్తున్నామని, వదిలిన కర్బనం కన్నా ఎక్కువ పీల్చుకునే చెట్లు పెంచిస్తున్నామని ఆ కంపెనీ ఏళ్ల తరబడి లెక్కలు చూపుతోంది. భద్రాచలం కాగితం మిల్లు కోసం రైతుల చేత సుబాబుల్, జామాయిల్ వేయించిన మాట కూడా నిజం. చిక్కు మార్కుల్లో ఉంది. వాతావరణం వల్ల, చట్టాల వల్ల, సమ్మెల వల్ల కంపెనీ లాభానికి రాగల ముప్పును ఆ కంపెనీ తన సాటివాళ్లతో పోలిస్తే ఎంత బాగా కాచుకుంటోందో ఈ రేటింగు కొలుస్తుంది. కంపెనీ వల్ల లోకానికి వచ్చే ముప్పు అందులో ప్రధానమైన కొలత కాదు. మదుపరి మాత్రం ఆ డబుల్ ఎ చూసి ఇది పుణ్యకార్యమనుకుంటాడు. దీని నుంచి తప్పుకుందామన్నా సులువు కాదు. ఐటీసీలో సుమారు 15 శాతం వాటా ఎల్‌ఐసీది. సిగరెట్టు ముట్టని ఉపాధ్యాయుడు కట్టే ప్రీమియంలో కొంత ఎప్పుడో బ్యారన్ గడప తొక్కి ఉంటుంది. ప్రజల డబ్బుతో నడిచే బీమా సంస్థలు పొగాకు కంపెనీలో వాటాలు పెట్టుకోవడం ఏమిటని 2017లో బొంబాయి హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం కూడా వేశారు.

ఇంత దూరాల గొడవ ఎందుకు, మనకు తెలిసిన మనుషులు మన కళ్లెదుట నడిపే దానిలో పెట్టుకుంటే సరిపోదా అన్న ప్రశ్న వస్తుంది. అన్నిటికన్నా గట్టి అభ్యంతరం ఇదే. దీనికి జవాబు అగ్రిగోల్డ్. విజయవాడ కేంద్రంగా నడిచిన ఆ కంపెనీ చూపించినవన్నీ పచ్చనివే, పొలాలు, తోటలు, స్థలాలు. వాయిదాలు కట్టు, గడువు తీరాక స్థలమైనా తీసుకో, డబ్బైనా తీసుకో అన్నది. చెప్పింది కూడా ఊరికి కొత్తవాడు కాదు, మేనమామో, పక్కింటి మాస్టారో ఏజెంటుగా వచ్చి రసీదు కోసిచ్చారు. సుమారు 32 లక్షల మంది దగ్గర దాదాపు 6,380 కోట్లు పోగయ్యాయి. 2014 నాటికి చెల్లింపులు ఆగిపోయాయి. పదివేల లోపు కట్టినవాళ్లకు 2019లో, ఇరవై వేల లోపు కట్టినవాళ్లకు 2021లో రాష్ట్ర ప్రభుత్వం ఖజానా నుంచి చెల్లించింది. అంటే అగ్రిగోల్డ్ మొహం ఎరగని పన్నుదారుడి పద్దులోకి కూడా ఆ నష్టం వెళ్లింది. అంతకుముందు 1990లలో చెన్నై కేంద్రంగా అనుభవ్ ప్లాంటేషన్స్ లాంటివి టేకు మొక్క పేరుతో ఇదే పని చేశాయి, ఆ దెబ్బకే సెబీ 1999లో సామూహిక పెట్టుబడి పథకాలకు నిబంధనలు తెచ్చింది. దగ్గరితనం నమ్మకాన్నిస్తుంది కాని లెక్కలివ్వదు. 32 లక్షల మంది ఏజెంటును చూశారు, చిట్టాపద్దు చూడలేదు. అందుకని నా ప్రశ్నకు ఒక తోక తగిలించాలి: నష్టం ఎవరిదో చెప్పడానికి లెక్కలు మన ముందు పెడుతున్నారా? పెట్టకపోతే జవాబు మనమే అని ముందే అనుకోవచ్చు.

పేదలకు మేలు, మదుపరికి లాభం అన్న ఇంకో నినాదం కూడా మన గడ్డ మీదే పరీక్షకు నిలిచింది. హైదరాబాదు నుంచి నడిచిన ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ 2010లో షేర్లు అమ్మకానికి పెడితే 13 రెట్లు దరఖాస్తులు వచ్చాయి. ఆ అక్టోబరులోనే, వసూళ్ల ఒత్తిడికి ఆత్మహత్యలన్న వార్తల మధ్య, రాష్ట్ర ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థలపై ఆర్డినెన్సు తెచ్చింది. వాయిదా తప్పిన ఆడమనిషి బదులు ఆ గుంపులోని మిగతావాళ్లే కట్టాలన్న ఏర్పాటులో నష్టం ఎవరి నెత్తిన పడుతుందో మొదటి రోజునే రాసి ఉంది, చదివినవాళ్లు తక్కువ.

ఆర్థికశాస్త్రం తెలిసినవాళ్లు ఇంకో మాటంటారు. స్టాక్ మార్కెట్లో షేరు కొంటే డబ్బు కంపెనీకి పోదు, అమ్మినవాడికి పోతుంది. నువ్వు అమ్మేస్తే ఇంకొకడు కొంటాడు. నీ ధర్మాగ్రహంతో ఒక్క బ్యారన్ పొయ్యీ ఆరదు. ఇది నిజం, అందుకే ఈఎస్‌జీ (పర్యావరణం, సమాజం, పాలన) పేరున్న మ్యూచువల్ ఫండ్ల మీద నాకు పెద్ద ఆశ లేదు. 2023లో సెబీ వాటిని ఆరు రకాలుగా విడగొట్టి, ఆస్తుల్లో 80 శాతం చెప్పిన తీరులోనే ఉండాలంది, మంచిదే. అయినా చాలా ఫండ్ల జాబితాలో పైన కనిపించేవి మామూలు ఫండ్లలో ఉండే పెద్ద బ్యాంకులు, ఐటీ కంపెనీలే. రూపాయి వల్ల కొత్తగా ఒకటి పుట్టే చోట, అంటే అప్పు, డిపాజిట్, బాండ్, సొంత ఇంటి కప్పు మీద పలక, అక్కడే మదుపరి మనసుకు విలువుంది. కేంద్ర ప్రభుత్వం 2023 జనవరి, ఫిబ్రవరిల్లో మొదటిసారి హరిత బాండ్లు 16,000 కోట్లకు అమ్మింది. రిజర్వు బ్యాంకు రిటైల్ డైరెక్ట్ ఖాతా ద్వారా మామూలు మనిషి కూడా ప్రభుత్వ బాండ్లు కొనుక్కోవచ్చు. హరిత డిపాజిట్ తీసుకున్న బ్యాంకు ఆ సొమ్ము దేనికి వాడిందో ఏటా మూడో పక్షం చేత పరిశీలింపజేసి ప్రకటించాలి. అగ్రిగోల్డ్ రసీదుకూ దీనికీ తేడా అదే. ఇక ఇంటి కప్పు మీద సౌర పలకలు. 3 కిలోవాట్లకు కేంద్రం 78,000 రూపాయల దాకా రాయితీ ఇస్తోంది. పలక పాడైతే, ఇన్వర్టర్ కాలితే నష్టం అచ్చంగా ఇంటాయనది. కప్పున్నవాళ్లంతా బిల్లు తగ్గించుకుంటే తీగలు, స్తంభాల ఖర్చు కప్పు లేనివాళ్ల మీద పడదా అని అడిగేవాళ్లున్నారు. పడుతుంది, పలకలు పెరిగేకొద్దీ ఇంకా పడుతుంది. దానికి విద్యుత్ నియంత్రణ మండలి స్థిర చార్జీల్లో జవాబు వెతకాలి. పలక పెట్టడం మానేయడం జవాబు కాదు.

సహకార సంఘాల్లో నాకు నచ్చే ఉదాహరణ ఉమ్మడి కరీంనగర్ జిల్లా ముల్కనూరు. 1956లో విశ్వనాథరెడ్డి చొరవతో మొదలైన ఆ బ్యాంకులో పొదుపు సభ్యులది, అప్పు సభ్యులది, ఎగవేత జరిగితే కష్టం కూడా సభ్యులదే. అక్కడే 2002లో మహిళల పాల డెయిరీ లేచింది. సహకారమన్న బోర్డు చూసి మాత్రం నమ్మకూడదు, 2001లో హైదరాబాదు కృషి బ్యాంకు మునిగింది. ముల్కనూరు నిలబడటానికి అప్పు తీసుకునేవాడికీ డబ్బు దాచినవాడికీ ఒకరి మొహం ఒకరికి తెలియడం ఒక కారణం, సర్వసభ్య సమావేశంలో లెక్కలు నిలదీసే అలవాటు ఇంకో కారణం.

లాభం తగ్గదా అంటే, కొన్నిచోట్ల తగ్గుతుంది. కొల్లేటి వాటా ఇచ్చినంత రాబడి హరిత డిపాజిట్ ఇవ్వదు. ఆ ఎక్కువ రాబడిలో కొంత లంకల వాళ్ల జేబులోంచి వచ్చిందని తెలిశాక దాన్ని రాబడి అనడం నాకు కష్టం. పదవీ విరమణ డబ్బంతా ఆశయాలకు ధారపోయమని కూడా అనను. ఎల్‌ఐసీ పాలసీ రద్దు చేసుకోమనను, అందులో నష్టపోయేది పాలసీదారే. ఇప్పటికే ఉన్న షేరు అమ్మమని సైతం చెప్పను, ఎందుకంటే దాన్ని అట్టేపెట్టుకుంటే ఒక ఉపయోగం ఉంది. అగ్రశ్రేణి 1000 కంపెనీలు తమ పర్యావరణ వివరాలు ఏటా ఇవ్వాలని సెబీ నియమం. కంపెనీ ఫ్యాక్టరీలో కాలినది కంపెనీ లెక్కలో పడుతుంది, రైతు బ్యారన్లో కాలినది సరఫరాదారుల లెక్క. ఆ సరఫరా గొలుసు వివరాలు కూడా ఇవ్వాలని 2023లో తెచ్చిన నిబంధనను తర్వాత ఐచ్ఛికం చేశారు. కానీ 2020 నుంచి వార్షిక సమావేశాలు వీడియోలో జరుగుతున్నాయి, ముందుగా పేరు నమోదు చేసుకుంటే ఒక్క షేరున్నవాడు కూడా జంగారెడ్డిగూడెం నుంచే మాట్లాడొచ్చు. ఈ సీజన్లో మీరు కొన్న ఉత్తర తేలిక నేలల ఆకు ఆరడానికి ఎన్ని టన్నుల కర్ర కాలింది, అందులో తోటల్లో పెంచిందెంత, కొండ మీద కొట్టిందెంత, ఆ లెక్క మీ నివేదికలో ఏ పేజీలో ఉంది అని అడగడానికి రెండు నిమిషాలు చాలు.